కరెంటు షాకు వల్ల మెదడు మాడిపోతుందా?

"కరెంటు పెడితే మెదడు మాడిపోదా డాక్టరుగారూ?" ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన కాలంలో ఈ ప్రశ్నను ఎన్నోసార్లు విన్నాను. అన్నపానీయాలు మాని, బతుకు మీద ఆశ వదులుకున్న రోగిని సైతం ఈ భయంతోనే చికిత్స వద్దని ఇంటికి తీసుకుపోయేవారు. అందుకే దీనికి కొంత వివరంగా సమాధానం చెప్పదలచాను.

మెదడులో నాడీకణాలకు అండగా గ్లియా అనే సహాయక కణాలు ఉంటాయి. వీటిలో కొన్ని నాడీకణాల చుట్టూ లవణాల సమతూకాన్ని కాపాడుతాయి, మిగిలిపోయిన రసాయనాలను తొలగిస్తాయి. కొన్ని నాడీతంతువులకు కొవ్వుతో కూడిన తొడుగు వేస్తాయి. మరికొన్ని కావలి కాస్తాయి.

ఈ చికిత్స పుట్టుకకు మూలం ఈ కణాలే. బుడాపెస్టు నగరంలో లాడిస్లాస్ మెడూనా అనే వైద్యుడు మూర్ఛరోగుల మెదడులో గ్లియా అధికంగానూ, స్కిజోఫ్రీనియా రోగులలో స్వల్పంగానూ ఉన్నట్లు భావించి, 1934లో కర్పూరపు సూదిమందుతో మూర్ఛ తెప్పించి చికిత్స చేశాడు. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీని అనే వైద్యులు కర్పూరానికి బదులు విద్యుత్తును వాడారు. మెడూనా సిద్ధాంతం నిలవలేదు, చికిత్స మాత్రం నిలిచింది.

విశేషమేమంటే, దశాబ్దాల తరువాత పరిశోధకుల దృష్టి మళ్లీ గ్లియా మీదకే మళ్లింది. తీవ్రమైన కుంగుబాటుతో జీవించినవారి మెదడును మరణానంతరం పరీక్షించగా, ముందుభాగంలో ఈ కణాలు తగ్గినట్లు కొన్ని అధ్యయనాలలో కనిపించింది. ఎలుకలలో విద్యుత్తుతో మూర్ఛలు తెప్పించినప్పుడు కొత్త గ్లియా కణాలు పుట్టాయి. ఎలుకలో చూసినదంతా మనిషికి వర్తించదు. అయినా మెదడు మాడిపోతుందన్న మాటకు ఇందులో ఆధారం లేదు.

అలాగని ఇబ్బందులే లేవని చెప్పను. చికిత్స తరువాత కొంతసేపు అయోమయం ఉంటుంది. ఆ రోజులకు సంబంధించిన జ్ఞాపకాలు చెదరవచ్చు, కొందరిలో కొన్ని తిరిగి రాకపోవచ్చు. నేడు మత్తు, కండరాలను సడలించే మందు ఇచ్చి, ప్రాణవాయువు అందిస్తూ ఈ చికిత్స చేస్తారు. మత్తు లేకుండా చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

కనుక మీ ఇంట ఎవరికైనా మానసిక వైద్యులు ఈ చికిత్స సూచిస్తే, వెంటనే కాదనకండి, వెంటనే తలూపకండి. ఎందుకు అవసరమో, ఎన్నిసార్లు చేస్తారో, జ్ఞాపకశక్తిని ఎలా గమనిస్తారో అడగండి. సినిమాలో చూసిన దృశ్యాన్ని బట్టి మాత్రం ఒక ప్రాణం విషయంలో నిర్ణయం తీసుకోకండి.