అగాధములో వినబడిన శబ్దము



నేను దివిసీమలో పుట్టి పెరిగిన రైతును. సముద్రము మా ఊరికి దగ్గరనే యున్నను, నలుబది ఆరు సంవత్సరములు నేను దాని మొగము చూడలేదు. కారణము మా ప్రాంతపు పెద్దలకు చెప్పనక్కరలేదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెనలో వేలకొలది జనులు చనిపోయిరి. అప్పుడు నాకు పండ్రెండేండ్లు, మా చెల్లెలికి ఏడేండ్లు. నేను ఒక చేత తుమ్మకొమ్మను, ఒక చేత చెల్లెలిని పట్టుకొంటిని. తెల్లవారునప్పటికి కొమ్మ మాత్రమే నా చేతిలో నుండెను. నీళ్లు కొట్టుకొనిపోయినవని ఇంటివారితో చెప్పితిని గాని, చేయి జారినది నా చేతిలోనుండియే అని ఎవరికిని చెప్పలేదు. తరువాత నాకు కుమార్తె పుట్టగా ఆమె పేరే పెట్టుకొంటిని.

ఆ కుమార్తె ఇప్పుడు న్యూజిలాండు దేశములో క్రైస్ట్‌చర్చ్ నగరమున కాపురముండుచున్నది. 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో మనుమరాలిని చూచుటకు నేనును నా భార్యయు వెళ్లితిమి. ఒకనాడు అల్లుడు మమ్మును కారులో ఉత్తరముగా రెండున్నర గంటల దూరముననున్న కైకూరా అను ఊరికి తీసికొనిపోయెను. అక్కడ పడవలో వెళ్లి తిమింగిలములను చూతురు.

"నేను రాను, తల్లీ" అంటిని.

"నాన్నా, నేను ప్రక్కనే కూర్చుందును, రండి" అని ఆమె నా చేయి పట్టుకొనెను. ఆ పేరు గల పిల్ల చేయి పట్టుకొని పిలిచినప్పుడు నేను కాదనలేకపోతిని. పసిబిడ్డతో నా భార్యయు అల్లుడును ఒడ్డుననే యుండిరి.

ఆ ఊరి చరిత్ర వినదగినది. 1842లో రాబర్ట్ ఫైఫ్ అను ఆయన అక్కడ తిమింగిలముల వేట మొదలుపెట్టెను. వాటి నూనె దీపములకు పనికివచ్చెడిది. ఆనాటి ఇల్లొకటి నేటికిని ఉన్నది. దాని పునాదిలో తిమింగిలపు వెన్నెముకలే స్తంభములు. ఆ దేశములో వేట 1964లో ఆగిపోయెను. 1987లో ఆ ఊరి మావోరీ కుటుంబములు కొన్ని తమ ఇండ్లు తాకట్టు పెట్టి, చంపుటకు కాదు, చూపించుటకు ఒక పడవ నడుప మొదలుపెట్టిరి. నేడు ఆ ఊరికి అదియే పెద్ద జీవనాధారము.

పడవ కదలగానే నా కడుపులో త్రిప్పెను. కన్నులు మూసికొంటిని. ఒడ్డునకు కొంచెము దూరముననే అక్కడి సముద్రగర్భము వెయ్యి మీటర్లకు పైగా లోతైన లోయ. ఆ చీకటిలోనే ఈ జంతువులు ఆహారము వెదకును. పడవవారు యంత్రము ఆపి, నీటిలోని శబ్దమును వినిపించు సాధనము దింపిరి. టక్, టక్, టక్! వడ్రంగి సుత్తితో మేకు కొట్టినట్లు వినబడెను. "ఇది తిమింగిలము. చీకటిలో చూపు పనిచేయదు గనుక, శబ్దము చేసి దాని ప్రతిధ్వనితో దారి తెలిసికొనును" అని వారు చెప్పిరి.

అంతలో శబ్దము ఆగిపోయెను. నా గుండె ఝల్లుమనెను. నేను ఎరిగినంతలో నీటిలో శబ్దము ఆగుట యనగా మరణమే. అయితే పడవవాడు నవ్వి, "ఇక చూడండి, అది పైకి వచ్చుచున్నది" అనెను.

కొన్ని నిమిషములకు నీరు చీల్చుకొని నల్లని వీపు తేలెను. బుస్సున ఊపిరి వదలెను. అది చేప కాదు, పిల్లకు పాలిచ్చు జంతువు. గాలి పీల్చనిదే బ్రదుకదు. దాదాపు పది నిమిషములు ఊపిరి పీల్చుకొని, తోక పైకెత్తి మరల మునిగెను. ముప్పావు గంట, ఒక్కొక్కప్పుడు గంటసేపు కూడ లోపల నుండగలదట. ఎంత బలముగలదైనను, ఎంత లోతుకు దిగినను, అది పైకి రాక తప్పదు.

అప్పుడు నాకు యోనా జ్ఞాపకము వచ్చెను. మన తెలుగు బైబిలులో యోనా గ్రంథము గొప్ప మత్స్యమనియు, మత్తయి సువార్త తిమింగిలమనియు చెప్పుచున్నవి. ఏదైనను, అగాధములో మొఱ్ఱపెట్టినవాని స్వరము వినబడెను గదా! అగాధములో ఎవరును వినరని నేను ఇన్ని యేండ్లు తలంచితిని. అందుచేతనే నా దుఃఖమును దించి దించి అక్కడనే దాచితిని. దానిని ఒక్కసారియైనను ఊపిరికి పైకి రానియ్యలేదు.

తిరుగు ప్రయాణములో కుమార్తెతో అంతయు చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, "నాన్నా, అప్పుడు మీరు పండ్రెండేండ్ల పిల్లవాడు" అనెను. అంతే. ఆ మాట నాతో ఎవరైనను చెప్పవలసియుండెను. నేను చెప్పనిదే వారెట్లు చెప్పుదురు? ఆ రాత్రి నా భార్యతోను చెప్పితిని. ఇద్దరము ఏడ్చితిమి, ప్రార్థించితిమి.

ఊరికి తిరిగి వచ్చిన తరువాత హంసలదీవి ఒడ్డునకు వెళ్లి, మోకాళ్లలోతు నీటిలో నిలిచి, చెల్లెలిని పేరుపెట్టి పిలిచితిని. భయము పూర్తిగా పోయినదని చెప్పను. అయితే నిలువగలిగితిని.

ప్రియులారా, మీ సంఘములోను ఇట్టి భారము మోయుచు ఊరకున్నవారు ఉందురు. మీలో ఎవరికైనను అట్టిది యున్నయెడల, ప్రభువుతో చెప్పుకొనుడి. నమ్మదగిన యొకరితోను చెప్పుకొనుడి. ఎవరైనను మీయొద్దకు వచ్చి చెప్పినయెడల, తొందరపడి తీర్పు తీర్చక, ఓపికతో వినుడి.