మన మధ్య కాగితాలెందుకు?

అన్నయ్యా నేనూ కలిసి నిజాంపేటలో ఫ్లాట్ కొంటున్నామంటే ఆఫీసులో అందరూ అడిగిన మాట, "మీ అన్నయ్యతోనా?" మొగుడితో కొంటే ఎవరూ అడగరు. బ్యాంకులకీ అదే సందేహం. అన్నాచెల్లెళ్ళకి జాయింట్ లోన్ ఇవ్వమని మొదటి బ్యాంకు మర్యాదగా చెప్పేసింది. రెండోది ఒప్పుకుంది.

ధర 84 లక్షలు. స్థలం అమ్మగా వచ్చిన 30 లక్షలు అన్నయ్య ఒకేసారి ఇచ్చాడు. మిగతా 54 లక్షల లోన్‌కి ఈఎమ్ఐలు నావి. అన్నయ్యావాళ్ళు పూణేలో ఉంటారు. ఫ్లాట్‌లో ఉండేది అమ్మ, నాన్న, నేను. ఎవరి వాటా ఎంతో రాసుకుందామన్నాను. "మన మధ్య కాగితాలెందుకే?" అన్నాడు. కోపంగా కాదు, నొచ్చుకుని. కోపమైతే ఎదురు చెప్పడం తేలిక.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 45వ సెక్షన్ ఉంది. కలిసి కొన్నవాళ్ళు వేరే ఒప్పందమేదీ చేసుకోకపోతే, ఎవరు పెట్టిన డబ్బుని బట్టి వాళ్ళకి వాటా. ఎవరెంత పెట్టారో ఆధారం లేకపోతే సమానం. వినడానికి బాగానే ఉంది. కానీ 'పెట్టిన డబ్బు' అంటే ఏది? నాకొచ్చిన విద్య స్ప్రెడ్‌షీటే కాబట్టి అందులో వేసి చూశాను. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ లోన్ అంటే నెలకి దాదాపు 46,900. అయిదేళ్ళలో నేను కట్టేది 28 లక్షలు. అందులో అసలు కింద తీరేది ఆరున్నర లక్షల లోపే. అప్పటికి ఆ ఇంట్లో నేను పెట్టింది ఆరున్నరా, ఇరవై ఎనిమిదా, నెత్తిన ఎత్తుకున్న అప్పు మొత్తమా? మూడూ నిజాలే. (కథ ఎవరు చెప్తున్నారన్న దాన్నిబట్టి కథే మారిపోతుందని రివ్యూల్లో తెగ రాస్తుంటాను. ఎక్సెల్‌లో అది కనిపించడం ఇదే మొదటిసారి.)

చివరికి అప్పు ఎవరి బాధ్యతైతే ఆ డబ్బు వాళ్ళదే అనుకున్నాం. నాకు 64 శాతం, అన్నయ్యకి 36. అమ్మితే మిగిలిన అప్పు నా వాటాలోంచే తీరాలి.

అయినా అన్నయ్య మనసు కుదుటపడలేదు. అమ్మ కూడా వాడి వైపే ఉంటుందనుకున్నాను. అమ్మ పెళ్ళి 1983లో అయింది. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. 2005లో కేంద్రం ఆ తేడా తీసేసింది గానీ, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి పోలేదు. మామయ్యల పంపకాలు 1998లోనే అయిపోయాయి. చిక్కుడుకాయలు తుంచుతూ అమ్మ అంది: "మన మధ్య కాగితాలెందుకని మీ మామయ్యలూ అన్నార్రా. వాళ్ళ మధ్య మాత్రం రాసుకున్నారు."

అన్నయ్య తర్వాత ఇంకేం అనలేదు.

పాత పంపకాల కథల్లో ఇంటి మధ్య గోడ లేస్తుంది. మూడో అంతస్తు ఫ్లాట్‌లో గోడ ఎక్కడ లేపుతాం? అలా పంచడానికి వీల్లేని ఆస్తి గురించే 1893 నాటి పార్టిషన్ చట్టం. సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవాళ్ళు కోరితే, పంచే బదులు అమ్మేయమని కోర్టు చెప్పొచ్చు. అంటే 64 ఉన్న నేను అడగొచ్చు, 36 ఉన్న అన్నయ్య అడగలేడు. "అయితే ఈ కాగితం నన్ను నీ నుంచి కాపాడ్డానికా?" అని నవ్వాడు. అవునన్నాను.

ఒకరు అమ్మదలిస్తే ముందు రెండోవాళ్ళకి చెప్పాలి, 90 రోజులు గడువివ్వాలి, ఇద్దరు వాల్యుయర్లు కట్టిన ధరల సగటు తీసుకోవాలి – ఇవన్నీ అరగంటలో తేలిపోయాయి. ఆగిపోయింది అద్దె దగ్గర. "మీ అన్నయ్య వాటాలో కూడా మీరే ఉంటారు కదా, మరి అద్దె?" అంది లాయరు.

"అమ్మానాన్న ఉంటున్నారుగా, అద్దేంటి మేడమ్?" అన్నాడు అన్నయ్య.

"సరే. వాళ్ళ తర్వాత?"

మా ఇంట్లో ఎవరూ పూర్తి చెయ్యని వాక్యం అది. డ్రాఫ్ట్‌లో 'తల్లిదండ్రుల మరణానంతరం అద్దె చెల్లించవలెను' అని వచ్చింది. నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. ఎర్ర పెన్నుతో కొట్టేసి, 'తల్లిదండ్రుల జీవితకాలం వరకు అద్దె ఉండదు; తదుపరి ఉంటుంది' అని రాశారు.

"అర్థం అదే కదా నాన్నా?"

"అర్థం అదే. చదవాల్సింది మేం కదమ్మా."

వదిన డ్రాఫ్టంతా చదివి ఒక్కటే అడిగింది. "ఆయనకేమైనా అయితే 36 నాకూ బాబుకీ వస్తుందని ఇందులో ఎక్కడుంది?" విల్లు లేకపోతే వదిన, బాబు, అమ్మ ముగ్గురికీ సమానంగా వెళ్తుందట. అన్నయ్య మర్నాడే విల్లు రాయడానికి కూర్చున్నాడు. "మరి నీ 64 ఎవరికి?" అని లాయరు నన్నూ అడిగింది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.