బ్రూనోకి ఆకలి తీరదు!

ఆదివారం మధ్యాహ్నం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ఫ్లాట్. అందరి భోజనాలూ అయ్యాయి. లాబ్రడార్ బ్రూనోదీ అయింది. అయినా నానమ్మ కుర్చీ పక్కన చేరి చపాతీ వంకే చూస్తోంది. 'నోరులేని జీవి. ఆకలేస్తోందేమోరా' అంటుందావిడ. 'ఇందాకేగా తింది నానమ్మా' అంటాడు మనవడు. ఈలోపే ముక్క మాయం!

బ్రూనోది నటన కాదు. ఈ జాతిలో దాదాపు నాలుగింట ఒక వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో ఓ ముక్క లోపించి ఉంటుందనీ, తిండి యావకు అదో కారణమనీ 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. తక్కినవేమైనా తక్కువ తింటాయా అంటే, అదీ లేదు.

పేరు లాబ్రడారే గానీ వీటి పుట్టిల్లు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి. జాలర్ల వెంట పడవల్లో వెళ్లి, వణికించే నీళ్లలోకి దూకి, జారిపోయిన చేపల్ని పట్టి తెచ్చేవి వీటి పూర్వీకులు. బ్రిటన్ ప్రభువులు తమ దేశానికి తెచ్చుకుని, వేటలో కొట్టిన పక్షుల్ని ఏరుకొచ్చే పని అప్పగించారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ గుర్తింపూ వచ్చింది. రెండు పొరల బొచ్చు, వేళ్ల మధ్య బాతుకున్నట్టు చర్మం... అన్నీ ఆ చన్నీళ్ల కోసమే.

అంత మందపాటి స్వెట్టరుతో మే నెలలో ఎల్బీనగర్ రోడ్డు మీద నడవడమంటే మాటలా? మెట్రో వంతెన నీడ పడ్డా తారు సెగలు కక్కుతూనే ఉంటుంది. అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే కుక్కనీ నడిపించకూడదు. తెల్లవారకముందే సరూర్‌నగర్ చెరువు వైపు తిప్పుకొస్తే సరి. గుండు గీయించడం మాత్రం వద్దు. ఎండని ఆపేదీ ఆ బొచ్చే. దువ్వితే చాలు. స్నానమయ్యాక వేలాడే చెవుల్లో తడి లేకుండా తుడవాలి. పాయసంలో కిస్‌మిస్, కూరలో ఉల్లిపాయ, పిల్లల చాక్లెట్... మూడూ దానికి విషమే.

ఓరోజు బ్రూనో మెట్లెక్కలేక కుంటింది. డాక్టరు తూకం వేస్తే 42 కిలోలు! మగ లాబ్రడార్ 36 కిలోలు దాటకపోవడం మంచిది. పక్కటెముకలు చేతికి తగలాలి, నడుము కనిపించాలి. లేదంటే తుంటి కీళ్లకు చేటు. అమెరికాలో 48 లాబ్రడార్లను కూనలప్పటి నుంచీ గమనించిన పరిశోధన 2002లో వెలువడింది. తోబుట్టువుకన్నా పాతిక శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి.

'రెండేళ్లా?' అంది నానమ్మ.

మర్నాటి నుంచి పొద్దున్నే కొలిచిన తిండిలోంచి పిడికెడు తీసి స్టీలు డబ్బాలో దాస్తోంది. మధ్యాహ్నం బ్రూనో కుర్చీ దగ్గరికొస్తే, ఆ డబ్బాలోంచే ఒక్కో గింజా!