డునెడిన్‌లో నేతబట్ట

కిందటేడు మా బిడ్డ దగ్గరికి న్యూజిలాండ్ పోయొచ్చాను. డునెడిన్ అని దక్షిణాన సముద్రం ఒడ్డు ఊరు. ఎటు చూసినా ఎత్తుపల్లాలే. బాల్డ్విన్ వీధి ఎక్కేసరికి నా మోకాళ్ళు రెండు షిఫ్టులు చేసినట్టయ్యాయి. ఊరవతల మోస్గీల్‌లో 1871లో పెట్టిన ఉన్ని గిర్ని ఉండేదట, 2000లో మూతబడిందట. ఎంతమంది పనోళ్ళు పోయారని అల్లుణ్ణి అడిగాను. ఆయనకు తెలియదు. అడగడం నాకు అలవాటైపోయింది. మా గిర్ని మూసినప్పటి నా 22 ఏళ్ళ లెక్క ఇంకా పూర్తిగా తేలనే లేదు మరి.

మనవడికి పదమూడేళ్ళు, ఈత పోటీలకు పోతాడు. మొన్న వెంట్రుకవాసిలో ఓడిపోయాడు. గెలిచిన పిల్లాడికి ఖరీదైన ఈతసూటు ఉందట. "తాతా, నాకూ అది కొనియ్యవా" అని ఒకటే గోల. ధర వింటే నా పింఛను ఏడాదిన్నరది!

ఆదివారం ఒటాగో యూనివర్సిటీకి తీసుకెళ్ళారు. లీత్ అనే వాగు మధ్యలోంచి పారుతుంది, ఒడ్డున నల్లరాతి గడియారం కట్టడం. ఆ వాగు పక్కన నడుస్తూ అల్లుడు చెప్పిన కథ ఇది. ఈ యూనివర్సిటీ వాళ్ళకు ఫ్లూమ్ అని నీళ్ళ తొట్టి. నీళ్ళు ఎదురు పారుతుంటే మనిషి ఉన్నచోటనే ఈదుతాడు, ఎంత లాగుతోందో కొలుస్తారు. స్పీడో కంపెనీ 2008లో తెచ్చిన ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ సూటును ఇక్కడ, అమెరికాలో నాసా గాలి సొరంగంలో పరీక్షించారట. నైలాన్, సాగే ఎలాస్టేన్ కలిపి నేసిన బట్ట, పైన పాలీయురెథేన్ పలకలు. కుట్లకు దారమే లేదు, అల్ట్రాసౌండ్‌తో అతికించారు. బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈతలో పడ్డ 25 ప్రపంచ రికార్డుల్లో 23 ఆ సూటు వేసుకున్నవాళ్ళవే.

మరుసటేడు ఇంకో కంపెనీలు బట్టే లేకుండా మొత్తం పాలీయురెథేన్‌తోనే చేశాయి. రోమ్‌లో 43 రికార్డులు! ఫెల్ప్స్ అంతటివాడు 200 మీటర్లలో బీడర్‌మాన్ చేతిలో ఓడాడు. అప్పుడు ఈత సంఘం ఫీనా 2010 జనవరి 1 నుంచి బట్టతో చేసినవే వేసుకోవాలంది. మగవాళ్ళకు నడుం నుంచి మోకాలు దాకే.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏది బట్ట, ఏది కాదు అని అంత పెద్ద సంఘం కూర్చుని తేల్చిందంటే, మా జాబర్‌ను పిలిస్తే ఒక్క నిమిషంలో చెప్పేవాడు కదా!

మర్నాడు దుకాణంలో ఆ సూటు పట్టి చూశాను. వేలితో లాగితే పడుగూ పేకా తెలుస్తూనే ఉన్నాయి. మనవడి మామూలు చెడ్డీ బనీనులాగా అల్లిక, ఇది నేత. దుకాణం అమ్మాయి నన్ను వింతగా చూసింది.

"కొంటావా తాతా?"

"ముందు మీ ఇద్దరూ మామూలు చెడ్డీలతో ఈదండి, అప్పుడు చూద్దాం" అన్నాను.

వారం తర్వాత ఈదారు. మావాడు బారెడు వెనక. ఇంటికొచ్చేదాకా మూతి ముడుచుకున్నాడు. మళ్ళీ సూటు మాట ఎత్తలేదు. నన్ను విమానం ఎక్కించడానికి వచ్చినప్పుడు మాత్రం మెల్లగా ఎత్తాడు.