పన్ను గట్టిదే, పట్టు వదులు!

పన్ను కదిలితే మనం పన్నునే తిట్టుకుంటాం. పాపం, చాలాసార్లు తప్పు దానిది కాదు. చెట్టు పచ్చగానే ఉంటుంది. వేళ్ళ చుట్టూ మన్ను కొట్టుకుపోతుంది.

మా నాన్నగారి సంగతే చూడండి. 76 ఏళ్ళు. ఇంతవరకూ ఒక్క పన్నూ పుచ్చి ఎరగదు. అయినా ఈమధ్య కింది పళ్ళు రెండు ఊగుతున్నాయి. "పళ్ళు లక్షణంగా ఉన్నాయి. వాటిని పట్టుకునే ఎముకే కరిగిపోయింది" అన్నారు డాక్టరుగారు.

"ఏరా, కరిగింది మళ్ళీ పెరగదూ?" అన్నారు నాన్నగారు, నావైపు తిరిగి. డాక్టర్లను అడగవలసినవి నన్నడగడం ఆయనకు అలవాటు. చదివి చెప్పక తప్పింది కాదు.

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ నడుమ మిల్లీమీటరులో అయిదోవంతు మందాన ఒక నారపొర ఉంది. పన్ను అందులో ఉయ్యాలలో పాపలా ఉంటుంది. అన్నంలో రాయి తగిలితే "అబ్బా!" అనిపించేది ఆ పొరే. గార పేరుకుని చిగుళ్ళు ఏళ్ళ తరబడి వాస్తే, పొరా పోతుంది, ఎముకా పోతుంది. శుభ్రం చేస్తే జబ్బు ఆగుతుంది గాని, పోయినదంతా తిరిగి రాదు.

2004లో అమెరికా పరిశోధకులొక వింత ప్రకటించారు. పీకేసిన జ్ఞానదంతాల వేళ్ళకంటిన ఆ పొరలో స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు ఉన్నాయట! ఎలుకలలో నాటితే నారపొరవంటిదే మొలిచింది. మనం చెత్తబుట్టలో వేసేది విత్తనాల మూట అన్నమాట.

మరి మనుషుల మాటో? 2016లో చైనా వైద్యులు పంటిపక్క గుంతల్లో అందరికీ ఎముకపొడి నింపి, కొందరికి ఈ కణాలు కూడా పెట్టి చూశారు. ఎముక అందరికీ పెరిగింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. టోక్యో మహిళా వైద్య విశ్వవిద్యాలయంవారు కణాలను పలుచని రేకులుగా పెంచి పదిమందికి అతికారు. ఎముక పెరిగిందని 2018లో ప్రకటించారు. కాని కణాలు లేకుండా వైద్యం చేసి పోల్చినవారు అందులో లేరు. కనుక ఆశ ఉంది; అంగట్లో మందు లేదు.

ఇదంతా విని నాన్నగారు నిట్టూర్చలేదు. "అయితే అందాకా వీటిని నిలుపుకోవాలన్నమాట" అన్నారు. డాక్టరుగారు గార తీసి, ఊగే పళ్ళను పక్కవాటితో సన్నని తీగతో కట్టారు. మూడు నెలలకోసారి నాన్నగారే గుర్తుచేసి బయల్దేరుతున్నారు. రాత్రి పళ్ళు తోముకోందే మనవణ్ణి మాత్రం మంచం ఎక్కనివ్వడం లేదు!