చాకిరేవు దాకా రాని టెండరు

నెదర్లాండ్స్‌లో ఒక నగరపాలక సంస్థ కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తున్నాను. రోడ్డు పనివాళ్లు, చెత్త బండ్ల వాళ్లు, కాలువలు శుభ్రం చేసేవాళ్లు వేసుకునే బట్టలకు టెండర్లు రాయడం నా పని. రాజోలు పిల్లకి ఇదేం ఉద్యోగమని చుట్టాలు అడుగుతుంటారు. నాకైతే ఇది మా కోనసీమలోనే పుట్టిన ఆలోచన. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ మంట దగ్గరికి పనిమీద వెళ్లే మనుషులు ఒంటిమీద ఏం వేసుకుంటారన్న ప్రశ్న అప్పుడే నన్ను పట్టుకుంది.

రక్షణ దుస్తులు కొనేటప్పుడు అందరం చూసేది కొత్త బట్ట గుణాన్నే. ల్యాబు సర్టిఫికెట్ ఉందా, ధర ఎంత, ఎన్నాళ్లకి ఇస్తారు, అంతే. బట్ట పాడయ్యేది మాత్రం ఉతుకులో. మనవాళ్లు రేడియం అని పిలిచే మెరుపు పట్టీలో కంటికి ఆనని గాజు పూసలుంటాయి. లారీ లైటు పడగానే వెలుగును మళ్లీ డ్రైవరు వైపే తిప్పికొట్టేది అవే. బ్రష్షు పెట్టి తోమితే, బండకేసి బాదితే రాలిపోతాయి. చమురు బావుల దగ్గర వేసుకునే నూలు కవరాల్స్‌లో చాలావాటికి నిప్పు అంటుకోకుండా మందు పట్టిస్తారు. క్లోరిన్ బ్లీచింగు తగిలితే ఆ మందు పనిచేయడం మానేస్తుంది. సబ్బు జిడ్డు సరిగ్గా వదలకుండా పోగుల్లో పేరుకుంటే అదే మంటకు ఆజ్యం. పైకి చూస్తే బట్ట శుభ్రంగా, ఎక్కడా చిరగకుండా ఉంటుంది. అదే అసలు ప్రమాదం.

కిందటిసారి ఇంటికి వచ్చినప్పుడు, తెల్లారకముందే రోడ్డు ఊడుస్తున్న ఒకావిడతో మాట్లాడాను. చీర మీద మగవాళ్ల చొక్కా, దాని మీద నారింజ రంగు జాకెట్టు. అది మగవాళ్ల కొలతే. భుజాలు జారిపోతుంటే పక్కన పిన్నీసు పెట్టుకుంది. వీపు మీది పట్టీ బీటలు వారి, సగం ఊడి, కింద బూడిద రంగు గుడ్డ కనిపిస్తోంది. జాకెట్టు మీద ఎక్కడా లేబులు లేదు. ఎలా ఉతుకుతావక్కా అంటే, “బండ మీద నాలుగు బాదులు బాదకపోతే ఆ వాసన పోదండి. పిల్లల బట్టల్లో కలపలేను కదండి” అంది. ఆమె చేసిన దాంట్లో తప్పేముంది? మురుగు వాసనను ఇంట్లోకి రానివ్వకూడదు. జాకెట్టును ఆమె చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నాక ఇక మనకు సంబంధం లేదనుకున్న కాగితంలో ఉంది తప్పు.

యూరప్‌లో 1989 నాటి ఒక చట్టం ప్రకారం రక్షణ దుస్తులు ఉచితంగా ఇవ్వడమే కాదు, వాటిని శుభ్రంగా, పనికొచ్చేలా ఉంచడం, బాగుచేయించడం, మార్చడం కూడా యజమాని బాధ్యతే. కార్మికురాలు మురికి బట్ట ఇంటికి మోసుకెళ్లనక్కర్లేదు. ఇక్కడ చాలాచోట్ల ఉతికే లాండ్రీతోనే ఒప్పందం ఉంటుంది. కాలర్లో కుట్టిన చిన్న చిప్పు ఎన్నిసార్లు ఉతికారో లెక్క చెబుతుంది. ఎన్ని ఉతుకుల దాకా మెరుపు నిలుస్తుందో తయారీదారు చెబితే, ఆ సంఖ్య జాకెట్టు లేబులు మీదే ఉంటుంది. 2014లో వచ్చిన యూరప్ కొనుగోళ్ల చట్టం ధరను మాత్రమే కాక, వస్తువు జీవితకాలం మొత్తానికి అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకునే వీలిచ్చింది. నెదర్లాండ్స్ రక్షణ శాఖ ఓవరాల్స్, తువ్వాళ్ల టెండర్లలో కనీసం 10 శాతం పాత బట్టల పీచు ఉండాలని అడిగింది. మంచిదే. అయినా పర్యావరణం పేరు చెప్పగానే అందరూ ఆ పీచు దగ్గరే ఆగిపోతారు. ఒక జాకెట్టు రెట్టింపు కాలం నిలిస్తే రెండోది నేయనే అక్కర్లేదు. నా దృష్టిలో అదే పెద్ద పొదుపు.

ఉతుకు గురించి పట్టించుకోవడానికి మా డెల్టాకి ఇంకో కారణం కూడా ఉంది. నూనె, నీళ్లు అంటకుండా రక్షణ దుస్తులకు పూసే ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో దాదాపు విచ్ఛిన్నం కావు. డెన్మార్క్ 2026 జూలై 1 నుంచి మామూలు బట్టల్లో, బూట్లలో వీటిని నిషేధించింది. రక్షణ దుస్తులకు మినహాయింపు ఇచ్చింది, అంటే సమస్య ఈ దుస్తుల్లోనే మిగిలింది. కాటన్ దొర ఆనకట్ట దగ్గర మొదలైన కాలువల నీళ్లే మన ఊళ్ల మంచినీళ్ల చెరువుల్లోకి వస్తాయి. రేవులో ఉతికిన బట్ట నుంచి వదిలింది ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పాలా? నిజంగా నూనెలో పనిచేసేవాళ్లకి తప్ప ఆ పూత అడగకూడదు. రోడ్డు ఊడ్చే మనిషికి అది అవసరమే లేదు.

మనకు ప్రమాణాలు లేక కాదు. దూరం నుంచి కనబడే దుస్తులకు ఐఎస్ 15809 ఉంది, కార్ఖానాల్లో వేడి దగ్గర పనిచేసేవాళ్లకి ఐఎస్ 15748 ఉంది. కానీ ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర, అనే మాట ముందు అవి కాగితం మీద టిక్కు పెట్టే గడులైపోతాయి. నాలుగు ఉతుకులకు రాలిపోయే జాకెట్టు ఎల్-1గా గెలిచినా, ఏడాదిలో మూడుసార్లు కొంటే అదే ఖరీదైనది. కానీ ఎవరూ మూడుసార్లు కొనరు, పట్టీ రాలిన జాకెట్టే ఏడాదంతా తొడిగిస్తారు.

2027లో గోదావరి పుష్కరాలు. పన్నెండు రోజులపాటు రాజమండ్రి ఘాట్లలో రాత్రింబవళ్లు చీపురు పట్టేవాళ్లకి ఇప్పుడే టెండర్లు రాయాలి. ఆడవాళ్ల కొలతలు, చీర మీద వేసుకునే కుట్టు, ఉక్కపోతకి గాలాడే అల్లిక అడగాలి. వర్షంలో బట్ట ఆరదు కాబట్టి మనిషికి కనీసం మూడు జతలివ్వాలి. నమూనా జాకెట్టును ల్యాబు మిషన్లోనే కాక బండ మీద కూడా ఉతికించి, రాత్రి హెడ్‌లైటు వేసి చూడాలి. ఘాట్ల దగ్గరే ఉతికి ఆరబెట్టి ఇచ్చే పని కూడా అదే ఒప్పందంలో చేర్చి, ఆ ఉతికేవాళ్లకి సరైన కూలి రాయాలి. కొలతలు తీసుకునే రోజున ఆ ఊడ్చేవాళ్లలో నలుగురిని కమిటీ గదిలోకి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, తొడిగి చూపించమని అడగాలి.