మీట మీద రాక్... మోగింది రెగ్గే!

టోక్యోలో సంగీతం చదువుకునే ఓ అమ్మాయి. తోటివాళ్లంతా బీతోవెన్, మొజార్ట్ అంటుంటే ఆమె చెవులు మాత్రం ఎక్కడో కరీబియన్ సముద్రంలోని జమైకా వైపు! పేరు హిరోకో ఒకూడా. 1979లో బాబ్ మార్లే జపాన్ వచ్చినప్పుడు వెళ్లి మరీ విన్నది. కునిటాచి సంగీత కళాశాలలో ఆఖరి ఏడాది వ్యాసమూ రెగ్గే మీదే. 1980లో కేసియో కంపెనీలో ఉద్యోగం దొరికింది.

పనేమిటంటే, ఎంటీ-40 అనే చిన్న కీబోర్డుకి తాళాలు కట్టడం. మీట నొక్కితే డ్రమ్సూ బేసూ వాటంతటవే మోగుతాయే, అవన్నమాట. (స్కూల్ యానివర్సరీలో ‘కేసియో’ వాయించిన అబ్బాయి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు, అతన్నడిగితే తెలుస్తుంది!) ‘రాక్’ అనే మీట కోసం 1970ల నాటి ఓ బ్రిటిష్ పాటని మనసులో పెట్టుకుని బేస్ కట్టింది హిరోకో. 1981లో కీబోర్డు బజారుకొచ్చింది. ఆమె మరో పనిలో పడిపోయింది.

ఇక కథ కింగ్‌స్టన్‌కి మారుతుంది. అక్కడి వాటర్‌హౌస్ పేదల పేట. నోయెల్ డేవీ చేతికి ఓ ఎంటీ-40 చిక్కింది. స్నేహితుడు వేన్ స్మిత్‌తో కలిసి మీటలు నొక్కుతుంటే ‘రాక్’ మోగింది. ఇద్దరూ దాన్ని పట్టుకుని కింగ్ జామీ స్టూడియోకి పరిగెత్తారు. ఆయన దాని వేగం తగ్గించాడు. అంతే, రాక్ కాస్తా రెగ్గే అయి కూర్చుంది! ‘అండర్ మీ స్లెంగ్ టెంగ్’ పాట అలా పుట్టింది.

1985 ఫిబ్రవరి 23న కింగ్‌స్టన్‌లో రెండు ‘సౌండ్ సిస్టమ్’ల మధ్య పోటీ. గోడల్లా పేర్చిన స్పీకర్లు, ఎదురుగా జనం. ఎవరి పాటకి జనం ఊగితే వాళ్లదే గెలుపు. జామీ ఈ పాట వదిలాడు. ఎదుటివాళ్ల పని అయిపోయింది.

మన పల్లెల్లో ఒకే వరస మీద పది పాటలు కట్టుకుంటారు కదా, జమైకాలోనూ అంతే. అక్కడ దాన్ని ‘రిడిమ్’ అంటారు. స్లెంగ్ టెంగ్ రిడిమ్ మీద వందల పాటలొచ్చాయి. డాన్స్‌హాల్ సంగీతం ఒక్కసారిగా యంత్రాల చేతికి వెళ్లింది. ఖర్చు తగ్గింది, పేటకుర్రాళ్లు కూడా పాట చేయగలిగారు. కానీ స్టూడియోల్లో డ్రమ్స్, బేస్ గిటార్ వాయించి బతికేవాళ్లకి పిలుపులు తగ్గిపోయాయి. ఆ బాధ ఏ రికార్డు అట్ట మీదా కనిపించదు.

రిడిమ్‌లు ఓడలెక్కాయి. తొంభైల్లో లండన్ కుర్రాళ్లు వాటి బేస్‌కి జెట్ వేగంతో పరిగెత్తే డ్రమ్స్ తగిలించి ‘జంగిల్’ అన్నారు. 2009లో డిప్లో, స్విచ్ అనే డీజేలు ‘మేజర్ లేజర్’ పేరుతో డాన్స్‌హాల్‌ని క్లబ్బు సంగీతంతో కలిపారు. వాళ్ల ‘పాన్ డి ఫ్లోర్’ దరువునే 2011లో బియాన్సే తన పాటకి వాడుకుంది. 2015లో మేజర్ లేజర్ ‘లీన్ ఆన్’ ప్రపంచమంతా మోగింది. దాని వీడియో తీసింది మన దేశంలోనే!

మరి దరువు ఎవరిది? డబ్బు ఎవరికి? జమైకాకి చెందిన స్టీలీ అండ్ క్లీవీ జంట 1989లో ‘ఫిష్ మార్కెట్’ అనే రిడిమ్ చేసింది. రెగ్గేటాన్ పాటల వెన్నెముక అదేనంటారు. 2009లో స్టీలీ పోయాడు. 2021లో క్లీవీ, స్టీలీ వారసులు అమెరికా కోర్టుకెక్కారు. వాళ్లు ఏకరువు పెట్టిన పాటలు పదహారు వందల పైచిలుకు. ‘డెస్పసీటో’ కూడా అందులో ఉంది. కేసు కొట్టేయమని అవతలివాళ్లు అడిగితే 2024లో జడ్జి ఒప్పుకోలేదు. అడిగినవాళ్లది అత్యాశ అనుకోవడానికి లేదు. అలాగని ఓ తాళం మొత్తం ఇద్దరి సొత్తే అంటే, రేపు కొత్తగా పాట కట్టేవాడు ఏంచేయాలి?

హిరోకోకి తన బీటు సంగతి తెలిసింది పాట వచ్చిన ఏడాదికి, ఓ సంగీత పత్రిక చదువుతుంటే. పాట వినగానే గుర్తుపట్టింది. కేసియో మాత్రం ఎవరి మీదా కోర్టుకు వెళ్లలేదు. హిరోకో అదే కంపెనీలో నలభై ఏళ్లు పనిచేసి రిటైరైంది. 2010 ప్రాంతంలో కేసియో తన బుల్లి కీబోర్డుల్లో ఆ బీటుని మళ్లీ పెట్టింది. ఈసారి దాని పేరు రాక్ కాదు, ‘ఎంటీ40 రిడిమ్’.